బొజ్జాయన అమెజాన్ ఈదాడు సరే, మా నాన్న కృష్ణ ఈదొచ్చా?

పోయిన సంచికలో ఒక బడిపిల్లాడు ‘నదిలో అందరికంటే ఎక్కువ దూరం ఈదింది ఎవరు?’ అని అడిగితే నాలుగు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకున్నాను. స్లొవేనియా దేశానికి చెందిన మార్టిన్ స్ట్రెల్ అనే ఆయన 2007లో, 52 ఏళ్ల వయసులో, అమెజాన్‌లో 5,268 కిలోమీటర్లు 66 రోజుల్లో ఈదాడని, చూస్తే ఆటగాడిలా ఉండడని, పెద్ద బొజ్జ, నూటపది కిలోల పైన బరువు, గిటారు నేర్పే మాస్టారని రాశాను. ఆ బొజ్జ మాట పట్టుకుని పాలమూరు నుంచి, నల్గొండ నుంచి వచ్చిన ఉత్తరాలు చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది, ఎన్నికలప్పుడు కూడా ఇన్ని రాలేదు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ఈత మీదే కూర్చున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: సార్, మీ జవాబు మా ఇంట్లో లొల్లి పెట్టింది. మా నాన్నకు 54 ఏళ్లు, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. చిన్నప్పుడు బాయిలో బాగా ఈదేవాడట. మీ పుస్తకం చదివిన కాడినుంచి ‘ఆ బొజ్జాయన అమెజాన్ ఈదంగ లేంది నేను సోమశిల కాడ కృష్ణ దాటలేనా’ అని ఒకటే పట్టు. దోస్తులతో పందెం కూడా కాశాడు. అమ్మ మాట్లాడటం మానేసింది. వద్దని మీరే రాయండి, మీరు రాస్తే వింటాడు. – ఒక కూతురు, కొల్లాపూర్

జవాబు: తల్లీ, వద్దు అని ఒక్క ముక్క రాస్తే నాకు పని తేలికే. కానీ ఆ వయసు మగవాళ్లకు, నేనూ ఆ వయసువాడినే, వద్దంటే పంతం ఇంకా పెరుగుతుంది, పొద్దున చేసే పని రాత్రి ఎవరికీ చెప్పకుండా చేస్తారు. అందుకని వద్దనే ముందు, ఆ బొజ్జాయన వెనక ఏముందో మీ నాన్నకు చదివి వినిపించండి. పోయిన నెల అది రాయకపోవడం నా తప్పే.

స్ట్రెల్ ఒక పొద్దున లేచి అమెజాన్‌లో దూకలేదు. 1978 నుంచి ఆయనకు ఈతే వృత్తి. 1992లో తన దేశంలోనే క్రకా అనే నదిలో 105 కిలోమీటర్లు 28 గంటల్లో ఈదాడు. 1997లో ఆఫ్రికా ఒడ్డున ఉన్న ట్యునీషియా నుంచి ఇటలీ వైపు సముద్రంలో ఒక రోజుకు పైగా ఆగకుండా ఈదాడు. 2000లో డాన్యూబ్ 58 రోజులు, 2002లో మిసిసిపి 68 రోజులు, మరుసటి ఏడు దక్షిణ అమెరికాలో పరానా, 2004లో చైనా వెళ్లి యాంగ్జీలో 4,000 కిలోమీటర్ల పైచిలుకు 51 రోజులు. ఇవన్నీ అయ్యాక అమెజాన్. అంటే బొజ్జ కింద ఉన్న కండకు, భుజాలకు అప్పటికి ముప్పై ఏళ్ల అలవాటు ఉంది, ఫొటోలో బొజ్జ కనిపిస్తుంది కానీ ముప్పై ఏళ్లు కనిపించవు. మీ నాన్న చివరిసారి ఎప్పుడు ఈదాడో ఒకసారి అడగండి. బాయిలో అని చెబుతాడు. బాయి ఎంత వెడల్పుంటుంది, నాలుగు చేతులేస్తే అవతలి ఒర తగులుతుంది, అలసిపోతే రాయి పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు. సోమశిల దగ్గర నడిమధ్యలో పట్టుకోవడానికి ఏముంది?

ఇంకోటి, ఆయన ఒంటరిగా ఈదలేదు. ముందు దారి చూపడానికి ఒక పడవ, వెంట పెద్ద పడవలో డాక్టరు, వంటవాళ్లు, మందులు, అందరినీ నడిపించడానికి కొడుకు బొరుట్. ఆ కొడుకే తండ్రి ఎప్పుడు తినాలి, ఎప్పుడు ఆగాలి అన్నీ చూసుకున్నాడు. ఇంతమంది ఉన్నా ఒంటి నిండా అవస్థే, ముఖం ఎండకు కాలి పొక్కులు లేచి ముసుగు కట్టుకుని ఈదాడు, విరేచనాలు, వాంతి వచ్చేలా తిప్పడం, కళ్లు తిరగడం, చివరికొచ్చేసరికి బీపీ ప్రమాదకరంగా పెరిగిపోయి బెలెం నగరంలో ఒడ్డు చేరిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈ బీపీ ముక్క మాత్రం మీ నాన్నకు రెండుసార్లు చదవండి.

ఇక సోమశిల సంగతి. అక్కడ నీళ్లు చూడటానికి చెరువులా నెమ్మదిగా ఉంటాయి, శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీళ్లు కాబట్టి. ఆ నెమ్మదే మోసం. కింద మునిగిపోయిన పాత ఊళ్ల గోడలు, చెట్ల మోళ్లు ఉన్నాయి, పైన చేపల వలలు ఉన్నాయి, సన్నటి నైలాన్ వల కాలికి చుట్టుకుంటే గజ ఈతగాడు కూడా విడిపించుకోలేడు. మధ్యాహ్నం గాలి లేస్తే అలలు ఎలా ఉంటాయో పుట్టి నడిపేవాళ్లను అడగండి. 2007 జనవరిలో సింగోటం జాతరకు వస్తున్నవాళ్ల పడవ ఆ వెనక నీళ్లలోనే మునిగి ఎంతమంది పోయారో కొల్లాపూర్ మనిషికి నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా అదే ఏడు, కొద్ది రోజులకే, ఫిబ్రవరి 1న పెరూలోని అటలాయా అనే ఊళ్లో స్ట్రెల్ నీళ్లలోకి దిగాడు.

పందెం ఎంత అని మీరు రాయలేదు. ఎంతైనా సరే, కట్టేసి వదిలించుకోమనండి.

ప్రశ్న: 5,268ని 66తో భాగిస్తే రోజుకు 80 కిలోమీటర్లు. నల్గొండ నుంచి మిర్యాలగూడ పోయి తిరిగొచ్చినంత దూరం. రోజూ అంత దూరం నడవడానికే చేతకాదు, ఈదడమా? ఇది ఫేక్ కదా? – ఇంజినీరింగ్ విద్యార్థి, నల్గొండ

జవాబు: లెక్క వేసినందుకు నీకు మార్కులు వేయాలి తమ్ముడూ, మిగతావాళ్లెవరూ వేయలేదు. ఇంకొంచెం ముందుకు వెళ్దాం. ఆయన రోజుకు సుమారు 10 గంటలు నీళ్లలో ఉండేవాడు. అంటే గంటకు 8 కిలోమీటర్లు. ఒలింపిక్స్‌లో 10 కిలోమీటర్ల ఈత ఉంటుంది, బంగారు పతకం గెలిచే కుర్రాళ్లకే దానికి గంటా యాభై నిమిషాలు అటూ ఇటూగా పడుతుంది, అంటే గంటకు ఐదున్నర. మరి ఈ బొజ్జాయన వాళ్లకంటే వేగమా? కాదు. ఆయన ఈదింది గంటకు మూడు కిలోమీటర్లే అనుకో, మిగతా ఐదు నది మోసింది. అందుకే వరద కాలం చూసుకుని ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పెట్టుకున్నాడు, అందుకే ముందు పడవ ఎప్పుడూ నీటి ఉరవడి ఎక్కడ ఎక్కువుందో ఆ గీత వెతుక్కుంటూ పోయేది. గీత తప్పి పక్కన మడుగులోకి జారితే గంటసేపు చేతులాడించినా ఉన్నచోటే ఉంటాడు. నది ఊరికే మోయదు కూడా, వరదలో కొట్టుకొచ్చే మానులూ దుంగలూ వెంటే వస్తుంటాయి, సుడులు ఉంటాయి.

అమెజాన్ ఎంత పెద్దదో మన కొలతలో చెబుతాను. 2009 అక్టోబరు వరద గుర్తుందా, నువ్వు అప్పటికి చిన్నపిల్లాడివై ఉంటావు, అలంపూర్, కర్నూలు మునిగిపోయాయి, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చిందని అందరం నోళ్లు తెరిచాం. అమెజాన్ సముద్రంలో కలిసేచోట సగటున 70 లక్షల క్యూసెక్కుల పైమాటే. వరదలో కాదు, సగటున, ఏడాది పొడుగునా. ఆ నీళ్లు తెచ్చి మన నాగార్జునసాగర్‌లో పోస్తే, ఇప్పుడున్న 312 టీఎంసీల లెక్కన, ఖాళీ డ్యాం దాదాపు పన్నెండు గంటల్లో నిండి గేట్ల మీదికొస్తుంది. సాగర్ నిండిందా లేదా అని జూలై నుంచి పేపర్లో మొదటి పేజీ చూసుకునే జనం మనం, ఆ నదిని ఊహించుకోవడం మనకు కష్టమే.

ఇంతకీ ఫేక్ కాదు. గిన్నిస్ వాళ్లు నమోదు చేసుకున్నారు. ‘నది మోస్తే అందులో గొప్పేముంది’ అని నీ స్నేహితులు అంటారు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. తర్వాత ఒక ఆదివారం ఊరి చెరువులో గంటసేపు ఊరికే తేలుతూ ఉండి చూశాను, ఈదలేదు, తేలానంతే. బయటికి వచ్చాక వేళ్లు ముడతలు పడి, చలి పట్టుకుని, మధ్యాహ్నం దాకా మనిషిని కాలేదు. పది గంటల చొప్పున 66 రోజులు అంటే ఏమిటో అప్పుడు కొంచెం తెలిసింది.

ప్రశ్న: ఆయన రోజూ వైన్ తాగుతూ ఈదాడని యూట్యూబ్‌లో చూశాం. మా చండూరులో పొద్దున్నే ఈత కల్లు తాగేవాళ్లం మేం. మాకూ ఈత వచ్చినట్టేనా? – నలుగురు స్నేహితులు, చండూరు

జవాబు: ఈత చెట్టెక్కినవాళ్లకు ఈత వస్తుందని ఎవరూ చెప్పలేదు నాయనా. తాగిన మాట నిజమే. ఆయన ప్రాంతంలో త్స్‌విచెక్ అనే పలచటి ఎర్ర వైన్ ఉంటుంది, మామూలు వైన్ కంటే మత్తు తక్కువ, రోజుకు రెండు సీసాల దాకా తాగేవాడని వార్తల్లో వచ్చింది. ఆ అలవాటు ఆయనకు మేలు చేసిందనడానికి నాకెక్కడా ఆధారం కనపడలేదు, డాక్టరు బీపీ చూసి తల పట్టుకున్నది మాత్రం అందరూ రాశారు.

మీరు నవ్వుతూ అడిగారు కానీ నేను నవ్వకుండా ఒకటి చెబుతాను. పండక్కి, దావత్‌కి గట్టు మీద కూర్చుని తాగి, ‘ఒక్క మునుగు మునిగొస్తా’ అని దిగినవాళ్ల వార్త ఏ ఎండాకాలం పేపర్లో లేదు చెప్పండి. తాగితే ఒంట్లో వేడి తొందరగా బయటికి పోతుంది, దూరం అంచనా తప్పుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా భయం పోతుంది. నీళ్ల దగ్గర మనల్ని వెనక్కి లాగేది ఆ భయమొక్కటే. కల్లు తాగండి, మంచిదే, చెట్టు కిందే కూర్చోండి.

ప్రశ్న: అమెజాన్‌లో పిరానాలు, షార్కులు, కొండచిలువలు ఉంటాయి కదా, ఏదీ ఆయన్ని ఎందుకు తినలేదు? మా జూరాల నీళ్లలో మొసళ్లు కనిపిస్తున్నాయి, పొలం మోటారు దగ్గరికి పోవాలంటే టెన్షన్‌గా ఉంది. – రైతు, గద్వాల దగ్గర పల్లె

జవాబు: పెద్దాయనా, మీ ప్రశ్న రెండో సగం ముందు చూద్దాం, అది పొలం పని. కృష్ణలో ఉన్నవి మగ్గర్ జాతి మొసళ్లు. వరద తగ్గాక మడుగుల్లో, కాలువల్లో చిక్కుకుంటాయి, పొద్దున పూట ఒడ్డున ఎండ కాగుతాయి. మనిషి కోసం వెతుక్కుంటూ రావు కానీ, గుడ్లు పెట్టిన చోటికి పోయినా, చీకట్లో నీళ్ల అంచున వంగి కూర్చున్నా ప్రమాదమే. మోటారు వేయడానికి తెల్లవారాక వెళ్లండి, నీళ్ల అంచుకు పోయేముందు కట్టెతో నేల మీద, నీళ్ల మీద గట్టిగా కొట్టండి, ఒక్కరే పోకండి. చేపలు కడిగిన నీళ్లు, కోడి పేగులు ఆ ఒడ్డున పారేయనివ్వకండి, అదే వాటిని పిలవడం. కనిపిస్తే రాళ్లు రువ్వకుండా అటవీశాఖకు ఫోన్ చేయండి.

ఇక పిరానాల సంగతి. సినిమాల్లో చూపించినంత రాక్షసులేం కావు, ఎక్కువగా చచ్చిన జీవాలను, దెబ్బ తగిలి రక్తం కారేవాటిని తింటాయి. నీళ్లు తగ్గి ఆకలితో మడుగులో ఇరుక్కున్నప్పుడు ప్రమాదం, నిండు వరదలో తక్కువ. అయినా స్ట్రెల్ బృందం ముందుజాగ్రత్తగా బకెట్లలో రక్తం పెట్టుకుంది, చేపలు మీదికొస్తే దూరంగా పోసి అటు మళ్లించడానికని. బుల్ షార్కు అనే సొర మాత్రం నిజంగానే సముద్రం నుంచి నదిలోకి వేల కిలోమీటర్లు ఎదురెక్కుతుంది, మంచినీళ్లలో కూడా బతుకుతుంది. ఆయన అదృష్టం బాగుండి వాటి కంట పడలేదు. గులాబి రంగు డాల్ఫిన్లు చాలా దూరం వెంట ఈదాయట.

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద జంతువు చివర్లో ఉంది, దాని పేరు పొరొరోకా. సముద్రం పోటెత్తినప్పుడు అల నదిలోకి వెనక్కి దూసుకొస్తుంది, ఒక్కోచోట నాలుగు మీటర్ల ఎత్తు, అంటే మన ఇంటి కప్పు కంటే పైన. సముద్రం ఇంకా వందల కిలోమీటర్లు ఉండగానే పోటు ప్రభావం మొదలవుతుంది, అప్పటిదాకా మోసిన నది ఎదురు తిరుగుతుంది. రెండు నెలలు ఈది నీరసించిన మనిషికి ఆఖర్లో ఆ పరీక్ష.

ప్రశ్న: మా ఇల్లు సాగర్ ఎడమ కాలువకు దగ్గర. సెలవులొస్తే పిల్లలు కాలువ దగ్గరికే. మీరు ఈత గురించి రాసి ఇంకా ఉసిగొల్పుతున్నారు. – ఒక అమ్మ, మిర్యాలగూడ

జవాబు: కోపం న్యాయమే అమ్మా. నాకు ఆ కాలువతో పాత బాకీ ఉంది, చెబుతాను.

డిగ్రీ చదివేటప్పుడు ముగ్గురం సైకిళ్ల మీద పోయి ఆ కాలువలోనే దూకాం. నాకు ఈత బాగా వచ్చు, దేవరకొండ దగ్గర మా తాత బాయిలో బెండు కట్టుకుని నేర్చుకున్నా, ఏడో తరగతికల్లా మోట దరి మీద నుంచి దుంకేవాణ్ని. ఆ ధైర్యంతోనే దిగాను. కాలువ నీళ్లు కదలనట్టే ఉంటాయి పైకి, దిగాక తెలిసింది, సైకిలు ఉన్నచోటు నుంచి నిమిషంలో ఎంత దూరం కొట్టుకుపోయానో. ఒడ్డుకైతే వచ్చాను, ఎక్కడమే రాలేదు. సిమెంటు లైనింగు ఏటవాలుగా ఉండి, దాని మీద పాకుడు, చేయి వేస్తే జారడం, మళ్లీ వేస్తే మళ్లీ జారడం, గోళ్లు అరిగి నెత్తురొచ్చింది. ఈతొచ్చినవాడు ఒడ్డున చేయిపెట్టి కూడా మునిగిపోవచ్చని అప్పుడు తెలిసింది నాకు. గొర్రెలు కాసే ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చి, నీళ్లలో దిగకుండా, బోర్లా పడుకుని గొంగడి ఒక కొస పట్టుకుని రెండో కొస నాకు విసిరాడు. ఆయన దూకి ఉంటే ఇద్దరం పోయేవాళ్లం. నా మిత్రులిద్దరూ దూరంలో మెట్ల దగ్గర ఎక్కారు. ఇంట్లో ఆ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు, ఇవాళ పుస్తకంలో చదువుతారు.

కాబట్టి పిల్లలకు కాలువ వద్దని గట్టిగా చెప్పండి, అందులో రాజీ లేదు. కానీ ఈతే వద్దనకండి. కాలువ పక్కన ఇల్లుండి ఈత రాకపోవడం ఇంకా ప్రమాదం. మెట్లున్న బావిలోనో, దగ్గర్లో ఈతకొలను ఉంటే అందులోనో, నడుముకు తాడు కట్టి, తాడు రెండో కొస ఈతొచ్చిన పెద్దమనిషి చేతిలో ఉండగా నేర్పించండి. మొదట ఈదడం కాదు, వెల్లకిలా తేలడం నేర్పాలి. అది వస్తే మనిషికి టైం దొరుకుతుంది. ఎప్పుడైనా పొరపాటున కాలువలో పడితే ఎదురీదొద్దు, వెల్లకిలా తిరిగి కాళ్లు ముందుకు పెట్టి నీటితోపాటు పోతూ మెట్లో, వంతెనో వచ్చేదాకా ఏటవాలుగా ఒడ్డుకు జరగాలి. ఎవరైనా మునుగుతుంటే దూకకుండా చీర, తాడు, ఖాళీ నూనె క్యాను, ఏది దొరికితే అది విసరాలి. ఒకర్ని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మన జిల్లాలో ఎన్నో చదివాం.

ప్రశ్న: నాకు 46. మా ఊరి వైపు నీళ్లంటే తాగడానికే దొరికేవి కావు, ఇక ఈతెక్కడిది. ఈ వయసులో, ఈ శరీరంతో నేర్చుకుంటే నవ్వుతారేమో. – టీచరు, మర్రిగూడ

జవాబు: మేడమ్, మర్రిగూడ అంటేనే నాకు అర్థమైంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లకు ఈత కొలనుల గురించి మాట్లాడే మొహం ఎవరికీ లేదు. ఇప్పుడు కృష్ణ నీళ్లు పైపుల్లో వస్తున్నాయి, సంతోషం.

శరీరం గురించి భయపడకండి, నీళ్లలో కొవ్వు మన పక్షమే. కండ, ఎముక మునుగుతాయి, కొవ్వు తేలుతుంది, చల్లటి నీళ్లలో దుప్పటిలా వేడిని కూడా ఆపుతుంది. సన్నటి కుర్రాడు తేలడానికి కాళ్లు కొట్టుకోవాలి, మనలాంటివాళ్లం ఊరికే పడుకుంటే తేలతాం. స్ట్రెల్ బొజ్జ గురించి నవ్వినవాళ్లకు ఇది తెలియదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నడక కంటే ఈత సుఖం, బరువంతా నీళ్లే మోస్తాయి కాబట్టి.

వయసు మాటకొస్తే స్లొవేనియా దాకా ఎందుకు, మన హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామల గారు నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. నీళ్లంటే భయం ఉండి, ఆ భయం పోగొట్టుకోవడానికే మొదలుపెట్టారట. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి వైపు పాక్ జలసంధి 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. తర్వాత విశాఖ నుంచి కాకినాడ దాకా సముద్రంలో 150 కిలోమీటర్లు, రోజుకింత చొప్పున. అప్పటికి ఆమె వయసు 52, అమెజాన్‌లో స్ట్రెల్ వయసెంతో అంతే. స్ట్రెల్ గిటారు సంగతి అందరికీ తెలిసింది కానీ ఈమె గురించి నాకు ఒక్క ఉత్తరమూ రాలేదు, అది కొంచెం గుచ్చుకుంది.

నవ్వేవాళ్లు మొదటి వారం నవ్వుతారు. ఆడవాళ్లకు విడిగా సమయం ఉన్న చోటు చూసుకోండి, లేదా ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి వెళ్లండి.

ప్రశ్న: కృష్ణ మన తెలంగాణలో తంగిడి దగ్గర అడుగుపెట్టిన కాడినుంచి వాడపల్లి దాకా ఎవరైనా స్ట్రెల్ లాగా ఈదగలరా? – మక్తల్

జవాబు: స్ట్రెల్ లాగా అంటే కుదరదు, ఎందుకంటే మన కృష్ణ ఇప్పుడు నదిలా లేదు, వరసగా పేర్చిన చెరువుల్లా ఉంది. తంగిడిలో భీమ కలిసిన కొద్ది దూరానికే జూరాల నీళ్లు. అది దాటితే బీచుపల్లి వైపు కొంత నది నదిలాగే ఉంటుంది, అక్కడ బండరాళ్లు. ఆ తర్వాత శ్రీశైలం వెనక నీళ్లు, డ్యాం, నల్లమల లోయ, మళ్లీ సాగర్ వెనక నీళ్లు, మళ్లీ డ్యాం, దాని కింద టెయిల్ పాండ్ అనే ఇంకో చిన్న డ్యాం, ఆ కింద పులిచింతల డ్యాం వెనక నీళ్లు. నిలిచిన నీళ్లలో నది మోయదు, ప్రతి గజమూ మన చేతులతోనే కొట్టాలి, ప్రతి డ్యాం దగ్గరా బయటికెక్కి నడవాలి. పైగా గేట్లు ఎప్పుడెత్తుతారో, కరెంటు కోసం నీళ్లు ఎప్పుడు వదులుతారో. సైరను మోగిందంటే బట్టలు కూడా చూసుకోకుండా గట్టెక్కాల్సిందే.

ప్రశ్న: ఇంతా చేసి ఆయనకేం వచ్చింది? – నాగర్‌కర్నూల్

జవాబు: పేరొచ్చింది, ఆస్పత్రి మంచం వచ్చింది. ఈతలకు ముందు శాంతి, మంచినీళ్లు, నదుల శుభ్రత అని చెబుతుండేవాడు. నాకైతే ఆ మాటల కంటే ఆయనకు నీళ్లలో ఉండటం ఇష్టం అనిపించింది, అంతే.

ఇది ముగించి అచ్చుకు పంపబోతుంటే ఇంకో ఉత్తరం వచ్చింది, కొల్లాపూర్ నుంచే.

ప్రశ్న: మా బిడ్డ మీకు రాసిందని తెలిసింది. నేను తాగుబోతును కాదు, పిచ్చోణ్ని కాదు. కిరాణం దుకాణం పెట్టి ముప్పై ఏండ్లు గల్లా దగ్గర కూర్చున్న. ఒక్కసారన్న నాకిష్టమైంది చేద్దామనుకున్న. పందెం ఇడిచిపెడుత. పుట్టి పక్కన పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండ, నా కోసం ఈదుత. అప్పుడన్న ఒప్పుకుంటరా? – ఆ తండ్రి

జవాబు: అన్నా, ‘ఎవరికీ చెప్పకుండా’ అన్న ముక్క కొట్టేస్తే మిగతాది మాట్లాడుకోవచ్చు.

మొదట గుండె డాక్టరు. ఈసీజీ, అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష, ఈత కోసమని చెప్పి మరీ చేయించుకోండి, ఆయన వద్దంటే ఈ ఉత్తరం ఇక్కడితో చింపేయండి. సరేనంటే షుగర్ మాత్రలు వేసుకుని ఎంతసేపు ఈదొచ్చో అడగండి. నీళ్లలో షుగర్ పడిపోతే చెమట పట్టింది కూడా తెలియదు, కాబట్టి ఖాళీ కడుపుతో దిగొద్దు, పుట్టిలో గ్లూకోజు ఉండాలి. తర్వాత ఆరు నెలలు బాయిలో. మొదటి నెల పది నిమిషాలే, మెల్లగా పెంచుకుంటూ గంటసేపు ఆగకుండా ఈదగలిగే దాకా, గంటసేపు ఈదాక ఇంకో పది నిమిషాలు వెల్లకిలా తేలగలిగే దాకా. పిక్క పట్టేస్తే కంగారు పడకుండా వెల్లకిలా తిరిగి కాలి బొటనవేలు మీ వైపు లాక్కోవడం బాయిలోనే అలవాటు చేసుకోండి.

ఇవన్నీ అయ్యాక, ఎండాకాలం ముందు, గాలి లేవకముందు పొద్దున్నే, ఒడ్డు వెంబడి మాత్రమే ఈదండి, నదికి అడ్డంగా కాదు. ఒడ్డు పక్కనే పోతే ఎంత దూరం పోయినా పది చేతుల్లో నేల తగులుతుంది. తలకు ఎర్ర టోపీ. పుట్టి మీకు రెండు బారల దూరంలో, అందులో ఈతొచ్చిన మత్స్యకారుడు, ఆయనకు వలలెక్కడ వేశారో, మోళ్లెక్కడున్నాయో తెలుసు. ఆ రోజు ఆయన వేట మానుకుని మీ కోసం వస్తాడు కాబట్టి కూలి ముందు రోజే ఇచ్చేయండి. ఆయన ‘ఇవాళ వద్దు’ అంటే వద్దంతే, ఎదురు ప్రశ్న వేయొద్దు.

పుట్టిలో రెండో మనిషిగా మీ అమ్మాయిని కూర్చోబెట్టుకోండి. అక్కడ స్ట్రెల్‌కు కొడుకు చేసిన పని అదే కదా. ఎప్పుడాపాలో తను చెప్పాలి, తను చెయ్యెత్తగానే మీరు పుట్టి అంచు పట్టుకోవాలి. ఆ ఒప్పందం కాగితం మీద రాసి, మీరు సంతకం పెట్టి, దుకాణంలో గల్లా పైన అంటించండి.